పుట్టగొడుగులు తింటే షుగర్ మాత్రలు తగ్గించవచ్చా?

ప్రశ్న: నా వయసు 54 సంవత్సరాలు. గుంటూరులో ఉంటాము. ఆరేళ్లుగా షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. మేము శాకాహారులం. పుట్టగొడుగుల్లో సహజ యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయని, రోజూ తింటే షుగర్ అదుపులోకి వస్తుందని, క్యాన్సర్ దరిచేరదని వాట్సాప్‌లో చదివి మా అబ్బాయి పుట్టగొడుగుల పొడి క్యాప్సూల్స్ తెప్పించాడు. అవి వాడుతూ మాత్రలు తగ్గించవచ్చా? వానలకు మా ఊరి చేలగట్ల మీద మొలిచేవి ఇంకా మంచివని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పుట్టగొడుగులను కూరగా వండుకుని వారానికి రెండు మూడు సార్లు నిరభ్యంతరంగా తినండి. మాత్రలు మాత్రం మీ వైద్యుడు చెప్పనిదే ఒక్కటి కూడా తగ్గించవద్దు.

మీరు చదివిన సందేశంలో సగం నిజం ఉంది. మన కణాలు ఆహారాన్ని ఆక్సిజన్ సాయంతో శక్తిగా మార్చుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే అస్థిరమైన అణువులు పుడతాయి. అవి మితిమీరితే కణాల పొరలను, డీఎన్ఏను దెబ్బతీస్తాయి. వాటిని అదుపులో ఉంచేవే యాంటీ ఆక్సిడెంట్లు. అయితే ఒంట్లోకి చొరబడిన సూక్ష్మక్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు ఈ ఫ్రీ రాడికల్స్‌నే ఆయుధంగా వాడతాయి కనుక, వాటిని పూర్తిగా తుడిచిపెట్టాలనుకోవడం సరికాదు.

పుట్టగొడుగుల ప్రత్యేకత ఎర్గోథయోనిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ పదార్థం. 1909లో ఫ్రాన్స్‌కు చెందిన టాన్రే అనే రసాయన శాస్త్రవేత్త, రై ధాన్యానికి పట్టే ఎర్గాట్ అనే బూజు నుంచి దీనిని వేరు చేశారు. దీనిని పుట్టగొడుగులు, బూజుల వంటి శిలీంధ్రాలు, కొన్ని రకాల బ్యాక్టీరియా తయారు చేసుకోగలవు గానీ మన శరీరం చేసుకోలేదు. ఆహారం ద్వారా అందవలసిందే. దీనిని కణాల్లోకి చేరవేయడానికి మన ఒంట్లో ఒక ప్రత్యేకమైన ప్రొటీన్ ఉందని 2005లో గుర్తించారు. శరీరం ఇంత శ్రద్ధగా పట్టి ఉంచుకుంటోందంటే దానికి ఏదో పని ఉండే ఉంటుందని పరిశోధకులు భావిస్తున్నారు. స్వీడన్‌లోని మాల్మో నగరవాసులపై జరిగిన అధ్యయనంలో, రక్తంలో ఎర్గోథయోనిన్ ఎక్కువగా ఉన్నవారిలో గుండె జబ్బులు తక్కువగా కనిపించాయి. కానీ అలాంటివారు మొదటి నుంచీ కూరగాయలు ఎక్కువగా తినేవారు కూడా కావచ్చు కాబట్టి, ఆ మేలంతా పుట్టగొడుగులదేనని చెప్పడం తొందరపాటే అవుతుంది.

విజయవాడ, గుంటూరు సూపర్ మార్కెట్లలో ఎక్కువగా దొరికేవి తెల్లని బటన్ పుట్టగొడుగులు. ముత్యపు చిప్ప రకం దొరికితే అదే తీసుకోండి. ఎర్గోథయోనిన్ అందులో బటన్ రకం కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఈ పదార్థం వేడికి తేలికగా పాడవదు గానీ నీటిలో కరుగుతుంది. చాలామంది ముక్కలను ముందుగా ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోసి, తరువాత తాలింపు వేస్తారు. దేనికోసం కొన్నారో అదే కాస్తా తూములోకి పోతుంది. పైగా పుట్టగొడుగులో తొంభై శాతం నీరే. మూకుడులో వేసి సన్నని మంట మీద ఉంచితే తన నీటిలో తానే ఉడికి, 200 గ్రాముల ప్యాకెట్ చిన్న గిన్నెడు కూర అవుతుంది. ఆ నీరు ముక్కల్లోకే ఇగిరిపోయేదాకా ఉంచండి. పచ్చివి మాత్రం తినవద్దు. కొనేటప్పుడు జిగురుగా, నల్లబడి, పులిసిన వాసన వేస్తున్నవి ఎంత చవకగా ఇచ్చినా వదిలేయండి.

ఇక షుగర్ విషయం. 100 గ్రాముల బటన్ పుట్టగొడుగుల్లో సుమారు 22 కేలరీలు, మూడు గ్రాముల పిండిపదార్థం మాత్రమే ఉంటాయి. కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి ఆ చోట ఈ కూర పెట్టుకుంటే భోజనం తరువాత చక్కెర అంతగా పెరగదు. మేలు అక్కడ ఉంది. మాత్ర చేసే పనిని ఇది చేయదు. కార్న్‌ఫ్లోర్ పట్టించి నూనెలో వేయించిన మష్రూమ్ 65 తిని ఇదే మేలు ఆశించకూడదని ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే నా దగ్గరికి వచ్చే షుగర్ రోగుల్లో ‘పుట్టగొడుగులు తింటున్నాం’ అనేవారు చాలావరకు తింటున్నది అదే.

మీరు అడగని విషయం ఒకటి మీకు మరింత ముఖ్యం. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది, శాకాహారులలో మరీ ఎక్కువ. పుట్టగొడుగుల్లో బి12 నామమాత్రమే. అరికాళ్లలో తిమ్మిర్లు, నీరసం ఉన్నా లేకపోయినా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

క్యాప్సూల్స్‌ను పక్కన పెట్టండి. ఆహారంలో మేలు చేసేది మాత్రగా మింగినా మేలే చేస్తుందన్న నమ్మకం గతంలోనే దెబ్బతింది. ఫిన్లాండ్‌లో సుమారు 29 వేల మంది పొగతాగే పురుషులపై జరిపిన పరీక్షలో బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగిందని 1994లో వెల్లడైంది. అది పుట్టగొడుగులపై జరిగిన పరీక్ష కాదు, నిజమే. అయినా మీ క్యాప్సూల్ క్యాన్సర్‌ను ఆపుతుందనడానికి ఆధారం లేనప్పుడు డబ్బు ఎందుకు పోయాలి? రీషీ వంటి రకాల పొడులు రక్తాన్ని పలచబరిచే మందులతో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరగవచ్చు కూడా. కిడ్నీ జబ్బు వల్ల పొటాషియం తగ్గించుకోవలసినవారు, గౌట్ ఉన్నవారు కూరగా తినడానికైనా తమ వైద్యుడిని అడగాలి.

మీ అత్తగారి మాట దగ్గర నేను రాజీపడలేను. వానకు మొలిచేవాటిలో తినదగినవి ఉన్న మాట వాస్తవమే. కానీ విషపు రకాలు కొన్ని అచ్చం వాటిలాగే ఉంటాయి. పసుపు వేసి, వెల్లుల్లి వేసి, వెండి చెంచా ముంచి రంగు మారుతుందేమో చూసే పరీక్షలు ఏవీ నమ్మదగినవి కావు. అమానిటా జాతిలోని కొన్నింటిలో ఉండే అమాటాక్సిన్ ఉడికించినా, ఎండబెట్టినా పోదు. తిన్న ఆరు నుంచి పన్నెండు గంటల తరువాత, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మరునాటికి తగ్గినట్టే అనిపిస్తుంది, ఆ లోపల కాలేయం దెబ్బతింటూనే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఎవరైనా అలాంటివి తిని ఉంటే, వాంతులు తగ్గాయని ఊరుకోకుండా 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. మిగిలిన పుట్టగొడుగులో, కూరో ఉంటే అది కూడా వెంట పట్టుకెళ్లండి.