కోల్డ్ స్టోరేజీ మెష్: మూడు వారాలకే బ్యాటరీలు అయిపోవడానికి కారణం

మీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఎన్ఆర్ఎఫ్52840 (రేడియో ఉన్న చిప్) థ్రెడ్ నోడ్లు (థ్రెడ్ అనే వైర్‌లెస్ మెష్ నెట్‌వర్క్‌లోని సెన్సర్లు), రెండేసి ఏఏ సెల్సు, మూడు వారాలకే డెడ్ అన్నారు కదండీ. లెక్క సరిగ్గా సరిపోతోంది: సెల్ సామర్థ్యం 2500 ఎంఏహెచ్‌ని, రేడియో ఆన్‌లో ఉంటే తీసుకునే దాదాపు 5 మిల్లీఆంప్స్‌తో భాగిస్తే 500 గంటలు, అంటే 21 రోజులు. రేడియో అసలు నిద్రపోవట్లేదన్నమాట. నోడ్లన్నీ ఎఫ్‌టీడీగా (ఫుల్ థ్రెడ్ డివైస్) బిల్డ్ అయ్యుంటాయి. రౌటర్ (ఇతరుల ప్యాకెట్లు ముందుకు పంపే నోడ్) కాకపోయినా ఎఫ్‌టీడీ రిసీవర్‌ని ఆన్‌లోనే ఉంచుతుంది.

సెన్సర్ నోడ్లకి ఎంటీడీ (మినిమల్ థ్రెడ్ డివైస్) లైబ్రరీతో బిల్డ్ చేసి, మోడ్‌లో ఆర్ (రిసీవర్ ఎప్పుడూ ఆన్), డీ (ఫుల్ థ్రెడ్ డివైస్), ఎన్ (పూర్తి నెట్‌వర్క్ డేటా) ఫ్లాగులు మూడూ తీసేయండి. పోల్ పీరియడ్ (నోడ్ నిద్రలేచి తనకి మెసేజీలున్నాయా అని పేరెంట్‌ని, అంటే తను అటాచ్ అయిన రౌటర్‌ని, అడిగే వ్యవధి) 60 సెకన్లు చాలు. రీడింగ్ పంపడానికి పోల్ కోసం ఆగక్కర్లేదు, అది అవతలి నుంచి వచ్చే మెసేజీలకే. ఒక్క జాగ్రత్త: ఓపెన్‌థ్రెడ్‌లో (థ్రెడ్ సాఫ్ట్‌వేర్) చైల్డ్ టైమౌట్, అంటే నోడ్ నుంచి కబురు కోసం పేరెంట్ ఆగే సమయం, మామూలుగా 240 సెకన్లు. ఆలోగా నోడ్ నుంచి ఏ కబురూ రాకపోతే పేరెంట్ ఆ నోడ్‌ని తీసేస్తుంది, అది మళ్లీ మళ్లీ అటాచ్ అవుతూ బ్యాటరీని ఇంకా ఎక్కువ తినేస్తుంది.

నిద్రపోయే నోడ్లు ప్యాకెట్లు ముందుకు పంపవు. అందుకని ప్రతి చాంబర్ లోపలా కరెంటుతో నడిచే రౌటర్లు రెండు పెట్టండి, బయట పెడితే తలుపు వేయగానే ఇన్సులేషన్ ప్యానెళ్ల రేకు సిగ్నల్‌ని ఆపేస్తుంది. యాంటెన్నా టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య కాదు, నడవా వైపు ఉండాలి.

ఇవన్నీ చేశాక కూడా కరెంటు వందల మైక్రోఆంప్స్‌లోనే ఉంటే డీబగ్ యూఆర్ట్ (లాగ్‌లు చూడటానికి వాడే సీరియల్ పోర్ట్) చూడండి. దాని రిసీవ్ ఆన్‌లో ఉంటే చిప్‌లోని హై ఫ్రీక్వెన్సీ క్లాక్ ఆగదు.