మాగ్నసైట్ గనికి పోతున్న మేనకోడలికి

అమ్మీ,

సేలం పాత మాగ్నసైట్ గనులు చూడ్డానికి పోతున్నాం, అక్కడ ఏమేం ఏరుకోవాలో చెప్పు మామా అని అడిగావు కదా. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా.

ముందు తెల్లరాళ్ల మీద, అంటే ఆ మాగ్నసైట్ (మెగ్నీషియం కార్బనేట్) గడ్డల మీద, మోజు తగ్గించుకో. ఏర్కాడు కొండల కింద ఉండే ఆ చాక్ హిల్స్‌కు పోయిన పిల్లలు చాలామంది సంచి నిండా తెల్లగడ్డలు మోసుకొస్తారు, ఇంటికొచ్చి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, ఏది ఎక్కడ తీసిందో గుర్తుండదు, నెల తిరిగేసరికి అవి పూలకుండీల్లో చేరతాయి. మాగ్నసైట్ ముక్కలు రెండు మూడు చాలు. ఆ తెలుపు ఏ రాయిలో పుట్టిందో ఆ రాయిని చూడాలి నువ్వు.

అక్కడి తల్లిరాయి డ్యూనైట్. అందులో నూటికి తొంభై పాళ్లు పైగా ఆలివిన్ అనే ఒక్క ఖనిజమే, అంటే మెగ్నీషియం, కొంత ఇనుము, సిలికా. పగలగొడితే లోపల ఆకుపచ్చ, ఎండకూ వానకూ నానిన పైభాగం మాత్రం గోధుమరంగు, అందుకే పైనుంచి చూసి మామూలు రాయి అనుకుని దాటిపోతారు. కార్బన్ డయాక్సైడ్ కలిసిన నీళ్లు ఆ రాయి పగుళ్లలో దూరి మెగ్నీషియాన్ని లాగి మాగ్నసైట్‌గా కడతాయి. మరి మిగిలిన సిలికా ఎక్కడికి పోవాలి? అదే పక్క పగుళ్లలో చాల్సెడొనీగా, పలుగురాయిగా, ఒక్కోచోట ఓపల్‌గా గట్టిపడుతుంది, మూడూ సిలికా రాళ్లే. నీళ్లు తగిలి ఆలివిన్ మెత్తబడిన చోట సర్పెంటైన్ అయింది, ముట్టుకుంటే సబ్బు రాసినట్టు జారుతుంది. అంటే అక్కడ నీకు కనబడే ఆకుపచ్చ, తెలుపు, గాజులాంటి బూడిదరంగు, అన్నీ ఒకే లెక్కలోవి. ఈ సంగతి బుర్రలో పెట్టుకుని పోతే ఏ రాయీ నీకు కొత్తగా అనిపించదు.

గనిలోకి అడుగు పెట్టగానే నేల చూస్తూ నడవకు, తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం తిరిగేవాళ్ల మాదిరి. దూరంగా నిలబడి తవ్విన గోడను చూడు. తెల్ల చారలు వల అల్లినట్టు ఎట్లా పోయాయో, ఎక్కడ లావయ్యాయో, ఎక్కడ సన్నబడ్డాయో నోట్‌బుక్‌లో ఒక బొమ్మ గీసుకో, ఫోటో ఉంది కదా అని బొమ్మ మానెయ్యొద్దు. గోడ కిందికి మాత్రం పోవద్దు, పాత గనుల్లో అంచులు వదులుగా వేలాడుతుంటాయి. నీళ్లు నిలిచిన గుంతల దగ్గర ఈత మాటే ఎత్తొద్దు. లీజుదారుడి అనుమతి కాగితం మీ సార్ చేతిలో ఉందో లేదో ముందే అడుగు. తెల్లరాయి మీద ఎండ కొడితే కళ్లు బైర్లు కమ్ముతాయి, నల్లద్దాలు పెట్టుకో.

ఆ తర్వాత డంపులకు పో. అసలు సరుకు అక్కడే ఉంటుంది. మాగ్నసైట్‌ను ఉక్కు కొలుముల లోపల వేసే ఇటుకలకు వాడతారు, అందులో సిలికా, సున్నం ఎక్కువుంటే ఆ వేడికి ఇటుక ఆగదు. కాబట్టి మంచి తెలుపును చేత్తో ఏరి లారీలకెత్తి, మిగిలిందంతా కుప్పపోశారు. వాళ్లు పారేసిన దాంట్లోనే చాల్సెడొనీ, సర్పెంటైన్, డ్యూనైట్, సిలికా పట్టిన మాగ్నసైట్ అన్నీ దొరుకుతాయి. తల్లిరాయీ తెల్ల చారా కలిసి ఉన్న ముక్క ఒకటి దొరికిందంటే దానికోసం పది తెల్లగడ్డలైనా వదిలెయ్యొచ్చు. నల్లగా, బరువుగా ఉన్న గింజలు కనబడితే టైలు వెనక గరుకు వైపు గీసి చూడు, గీత గోధుమరంగులో పడితే క్రోమైట్ అనే క్రోమియం ఖనిజం, నల్లగా పడి అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటే మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం.

తెల్లవాటితోనే తంటా. మంచి మాగ్నసైట్ పింగాణీ పగిలినట్టు నున్నగా, గుంట పడి పగులుతుంది. కత్తితో గీస్తే గీత పడుతుంది, పడకుండా కత్తే అరిగితే అది పలుగురాయో, సిలికా పట్టిన మాగ్నసైటో. పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వెయ్యగానే బుసబుస పొంగితే కాల్సైట్, సున్నపురాయిలో ఉండేది. సున్నంతోపాటు మెగ్నీషియం కూడా ఉన్న డోలమైట్ పొడి చేస్తేనే కొంచెం నురగ ఇస్తుంది. మాగ్నసైట్ చల్లటి యాసిడ్‌కు దాదాపు పలకదు, వేడి చేస్తేనే పొంగుతుంది. ఆ వేడి చేసే పని కాలేజీ ల్యాబులో సార్ ముందే చెయ్యి. యాసిడ్ సీసా రైల్లో తీసుకుపోవద్దు, నిషేధం.

యాసిడ్ లేకపోయినా ఇంట్లో చేసే పని ఒకటుంది, నాకు అన్నిటికన్నా ఇదే ఇష్టం. మీ అమ్మ వంటింటి డిజిటల్ తూకం అడుగు. రాయిని పొడిగా తూచి రాసుకో. తర్వాత తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా పట్టుకో, అడుగుకూ పక్కలకూ తగలకూడదు. అప్పుడు తూకం చూపించే అంకెతో మొదటి బరువును భాగించు. రాయి 150 గ్రాములు, నీళ్లలో 50 చూపిస్తే సాంద్రత 3, మాగ్నసైట్ దగ్గర్లోనే ఉన్నావన్నమాట. కాల్సైట్‌కు 2.7, పలుగుకు 2.65, డోలమైట్‌కు 2.85 వస్తుంది. మంగంపేట ముగ్గురాయి ముక్క ఒకటి మా ఇంట్లో ఉంది, దాన్నీ తూచి చూడు, 4.5 దాకా పోతుంది, చేతిలో పెట్టుకుంటేనే తెలిసిపోతుంది. సుద్దలా గుల్లబారిన ముక్కలకు మాత్రం లెక్క తక్కువ వస్తుంది, గట్టి ముక్కే తీసుకో.

పీచు సంగతి. సర్పెంటైన్ ఉన్నచోట పట్టుదారాల్లాంటి పీచు చారలు కనబడొచ్చు, అది రాతినార, అంటే ఆస్బెస్టాస్. సుత్తితో కొట్టొద్దు, గోటితో గిల్లొద్దు, సంచిలో వేసుకోవద్దు. మన పులివెందుల వైపు బ్రాహ్మణపల్లెలో తవ్వింది దాన్నే, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే దశాబ్దాల తర్వాత కూడా జబ్బు చేస్తుంది, 1986లో కేంద్రం కొత్త లీజులు ఆపేసింది కూడా అందుకే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది చూడు, మీ సార్ తప్పకుండా అడుగుతాడు. పులివెందుల సర్పెంటైన్ డ్యూనైట్‌లోంచి రాలేదు. వేంపల్లె డోలమైట్‌లోకి భూమి లోపలి కరిగిన రాయి, డోలరైట్, వేడిగా చొచ్చుకొచ్చిన చోట, డోలమైట్‌లోని మెగ్నీషియానికి సిలికా కలిసి తయారైంది. రెండు చోట్లా రాయి చూడ్డానికి ఒకటే, పుట్టుక వేరు. అందుకే డ్యూనైట్ ఉన్న సేలంలో క్రోమైట్ వెతకమన్నాను, అది లేని పులివెందులలో ఎవరైనా వెతకమంటే నవ్వుతా.

తీసిన ప్రతి ముక్కనూ అక్కడికక్కడే న్యూస్ పేపర్లో చుట్టి నంబరు వెయ్యి. అదే నంబరు పక్కన నోట్‌బుక్‌లో గనిలో తీసిందా డంపులోంచా, చుట్టూ ఏ రాయి ఉందో రాసుకో. బస్సులో రాసుకుంటాలే అనే మాట నేను ఒప్పుకోను. రాయి కొట్టేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, చాల్సెడొనీ గాజులాగే ఎగురుతుంది. సంచి బరువు నువ్వొక్కదానివే మోయగలిగినంత ఉండాలి, మగపిల్లలు మోస్తార్లే అనుకోవద్దు, వాళ్ల సంచులు వాళ్ల తెల్లగడ్డలతోనే నిండిపోయి ఉంటాయి.

వచ్చాక తూకం అంకెలన్నీ వాట్సాప్ చెయ్యి. కడపకు వచ్చినప్పుడు రాళ్లు తెచ్చుకో, ల్యాబు సీసా, టైలు, అయస్కాంతం నా దగ్గర ఉన్నాయి, కూర్చుని చూద్దాం.

మీ మామ