సందేహాలు – సమాధానాలు: ఫిరంగులు లేని కాలంలో ఫిరంగి

సందేహం: మధ్యయుగపు కోటల మీద పిల్లల పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. 1304లో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ స్కాట్లాండులోని స్టర్లింగ్ కోటను ముట్టడించినప్పుడు వాడిన ట్రెబుషెను, అంటే రాళ్లు విసిరే కొయ్య యంత్రాన్ని, 'ఫిరంగి' అని రాశాను. 'శతఘ్ని' అయితే నిండుగా ఉంటుందని ఒక మిత్రుడు అంటున్నారు. ఏది సరైనది? ఇంకో చోట గోడ కింద 'గనులు తవ్వారు' అని రాశాను, ఫరవాలేదా? కోట చుట్టూ ఉండేది కందకమా, అగడ్తా?

సమాధానం: ఫిరంగి, శతఘ్ని రెండూ వద్దండి. ఫిరంగి అనగానే పిల్లల కళ్ల ముందు మందుగుండు, ఇనప గొట్టం, పొగ కనిపిస్తాయి. స్టర్లింగ్ ముందు నిలబెట్టిన యంత్రంలో ఇవేవీ లేవు. ఐరోపాలో ఫిరంగి బొమ్మ మొదటిసారి కనిపించేదే 1326 నాటి రాతప్రతిలో. అవి పెద్ద పెద్ద కోటగోడల్ని పడగొట్టే స్థాయికి రావడానికి దాదాపు ఇంకో వందేళ్లు పట్టింది.

శతఘ్నితో చిక్కు వేరు. ఇప్పుడు దాన్ని ఫిరంగికి బదులుగా వాడుతున్నాం కానీ, రామాయణంలో శతఘ్నులు ఉండేది లంక ప్రాకారం మీద. అంటే అవి కోటను కాపాడేవి. అర్థశాస్త్రంలోని శతఘ్నికి 'మేకులు దిగ్గొట్టిన పెద్ద దుంగ' అని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. దాన్ని ముట్టడించేవాడి చేతికి ఇవ్వడం సబబు కాదు.

ట్రెబుషె పనిచేసే తీరు ఏతం చూసినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఎత్తైన కొయ్య చట్రం మీద ఒక పొడవాటి దూలం. దాని పొట్టి కొసకు బరువుల పెట్టె, పొడుగు కొసకు వడిసెల. పొడుగు కొసను కిందికి లాగి కట్టేసి, వడిసెలలో రాయి పెడతారు. కట్టు విప్పగానే బరువు దబ్బున దిగుతుంది, పొడుగు కొస పైకి లేస్తుంది, వడిసెల గిర్రున తిరిగి రాయిని వదిలేస్తుంది. పెద్ద యంత్రాలు వంద కిలోలు దాటిన రాళ్లను కూడా విసిరేవి. అందుకే నా ఓటు 'వడిసెల యంత్రం' అన్న మాటకు. మొదటిసారి 'ట్రెబుషె అనే వడిసెల యంత్రం' అనండి, తర్వాత ఏది రాసినా పిల్లలకు తెలిసిపోతుంది. ఎడ్వర్డ్ అక్కడ కట్టించిన అతిపెద్ద యంత్రం పేరు వార్‌వుల్ఫ్. లోపలివాళ్లు లొంగిపోతామన్నా, దాన్ని ప్రయోగించి చూసేదాకా ఆయన ఒప్పుకోలేదు. ఈ సంగతి మీ పుస్తకంలో లేకపోతే కలపండి, పిల్లలు మరచిపోరు.

మన దగ్గరా ఇలాంటివి వచ్చాయి. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ సేన ఓరుగల్లును ముట్టడించినప్పుడు మంజనీకులు, మగ్రిబీలు అనే రాళ్లు విసిరే యంత్రాలు తెచ్చిందని కవి అమీర్ ఖుస్రో రాశాడు. మగ్రిబీ రాయి తగిలినా వెనక్కి తుళ్లిపోయేంత గట్టిదట ఆ మట్టికోట గోడ. ఓరుగల్లు కథ రాసేటప్పుడు మంజనీకు అన్న మాట అలాగే వాడండి. స్టర్లింగుకు మాత్రం అది అతకదు.

ఇక 'గనులు'. ఇంగ్లిషులోని 'మైన్' అన్న మాటను చూసి గని అనేస్తే బొగ్గు గనులు గుర్తొస్తాయి. అక్కడ తవ్వింది సొరంగం. గోడ పునాది కింద తవ్వుకుంటూ పోయి, పైది కూలకుండా కొయ్య గుంజలు నిలబెట్టి, చివరికి ఆ గుంజలకు నిప్పు పెడతారు. అవి కాలిపోగానే పైనున్న గోడ కుంగిపోతుంది. 1215లో ఇంగ్లండులో రోచెస్టర్ కోట బురుజు మూల అలాగే కూలింది. మంట బాగా అంటుకోవడానికి నలభై బలిసిన పందుల్ని పంపమని జాన్ రాజు ఉత్తరం రాశాడు. కూలిన మూలను తర్వాత గుండ్రంగా కట్టారు. మిగిలిన మూలలు ఇప్పటికీ పలకలుగానే ఉన్నాయి. కాబట్టి 'గోడ కింద సొరంగం తవ్వి కూల్చారు' అంటే చాలు. నిచ్చెనలు వేసి గోడలెక్కే చోట మాత్రం 'లగ్గలెక్కారు' అన్న పాత మాట వాడితే నాకు సంతోషం.

కందకం, అగడ్త రెండూ తప్పు కాదు. అగడ్త మన మాట, కందకం పారశీకం నుంచి వచ్చింది. ఇప్పుడు పొలాల్లో వాననీటి కోసం తవ్వేవాటినీ కందకాలే అంటున్నాం కనక కోటకు అగడ్త మేలు. అయితే స్టర్లింగ్ కోట ఉన్నది రాతిగుట్ట మీద, దానికి మూడు వైపులా నిట్టనిలువు చరియలే. అక్కడ మాత్రం 'కోట చుట్టూ అగడ్త' అని రాయకండి.