మ్యాక్‌బుక్‌కు అంత ధర పెట్టడం దండగేనా?

ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చేరుతున్న మీ అబ్బాయికి యాభై అయిదు వేల విండోస్ ల్యాప్‌టాప్ సరిపోతుందా, లేక దాదాపు రెట్టింపు పెట్టి ఆపిల్ వారి మ్యాక్‌బుక్ ఎయిర్ కొనాలా అని అడిగారు. రెండింటినీ సొంత డబ్బుతో కొని ఏళ్ల తరబడి వాడినవాడిగా, బిల్లు మీది అంకెల కన్నా ముందు, కొన్న తరువాత మార్చుకోవడానికి వీలులేని భాగాలేమిటో చూడమంటాను.

2019లో 54 వేలకు నేను కొన్న విండోస్ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ), పాతకాలపు హార్డ్‌డిస్క్ ఉండేవి. రెండేళ్లు తిరిగేసరికి, ఆన్ చేసి టీ తాగి వచ్చినా అది పనికి సిద్ధమయ్యేది కాదు. అయితే అడుగు మూత విప్పించి ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన స్టోరేజీ), మరో 8 జీబీ ర్యామ్ వేయించడానికి ఏడు వేలు కూడా కాలేదు. ఆ తరువాత ఇంకో మూడేళ్లు ఇబ్బంది పెట్టకుండా నడిచింది. బ్యాటరీ మాత్రం ఎన్నడూ మూడు గంటలు దాటలేదు.

అందుకే 2021లో, ఆపిల్ సొంత చిప్ ఎం1 ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ కొన్నాను. మన దేశంలో దాని విడుదల ధర 92,900 రూపాయలు. ఫ్యానే లేని ఆ యంత్రం బరువు 1.29 కిలోలు, ఉదయం ఛార్జింగ్ నింపి తీసుకెళితే సాయంత్రం దాకా ఛార్జర్ గుర్తుకు రాదు. నా పొరపాటల్లా 256 జీబీ స్టోరేజీ చాలుననుకోవడం. ర్యామ్, స్టోరేజీ రెండూ లోపలి ప్రధాన బోర్డుకే అతికి ఉంటాయి కనుక పెంచుకునే దారి లేక, కొన్న ఏడాదిన్నర నుంచే బయటి ఎస్‌ఎస్‌డీని తోకలా తగిలించుకుని తిరుగుతున్నాను. 2025 మార్చిలో వచ్చిన ఎం4 ఎయిర్‌లో ర్యామ్ 16 జీబీతోనే మొదలవడం మేలే, కానీ విడుదలప్పుడు 256 జీబీ స్టోరేజీతో 99,900 ఉన్న ధర 512 జీబీ అడిగితే 1,19,900 అయింది. ఆ ఇరవై వేలు, నేను పాతదానికి చేయించిన మొత్తం మరమ్మతుకు దాదాపు మూడు రెట్లు.

మీ అబ్బాయిది ఏ బ్రాంచో రాయలేదు. కంప్యూటర్ సైన్స్ అయితే రెండిటిలో ఏదైనా పనికొస్తుంది. మీకు భారం కాకపోతే మ్యాక్ తీసుకోండి, విద్యార్థులకు ఆపిల్ ఇచ్చే తగ్గింపు సంగతీ అడగండి. మెకానికల్ అయితే మాత్రం, యంత్ర భాగాల డిజైన్‌కు వాడే సాలిడ్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్ విండోస్ మీదే నడుస్తుంది. ఇంటెల్ చిప్ ఉన్న పాత మ్యాక్‌లలో ఆపిల్ ఇచ్చిన బూట్ క్యాంప్ అనే సదుపాయం ద్వారా విండోస్‌ను నేరుగా వేసుకునేవారు. ఎం1 నుంచి ఆ వెసులుబాటు పోయింది. విండోసే తీసుకునేటట్లయితే, సన్నటి మోడళ్లు చాలావాటిలో ఇప్పుడు ర్యామ్‌ను బోర్డుకే అతికిస్తున్నారు కనుక, ర్యామ్ పెంచుకోవడానికి ఖాళీ స్లాట్ ఉందో లేదో దుకాణంలో ముందే అడిగి తెలుసుకోండి.