వర్చువలైజేషన్ అంటే ఏమిటి, మనలాంటి వాళ్లకు దాంతో పనేమిటి?

వర్చువలైజేషన్ పెద్ద కంపెనీల సర్వర్లకేనా, మామూలు వాళ్లకు కూడా పనికొస్తుందా అని అడిగారు. కచ్చితంగా పనికొస్తుంది.

ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో ఇంకో కంప్యూటర్‌ను నడపడమే వర్చువలైజేషన్. ఆ లోపలి కంప్యూటర్‌ను వర్చువల్ మెషీన్ (వీఎం) అంటారు. దానికి మన ర్యామ్‌లో కొంత, ఒకటో రెండో ప్రాసెసర్ కోర్లు, ఒక డిస్కు ఇస్తాం, ఆ డిస్కు నిజానికి మన హార్డ్‌డిస్కులో ఉండే ఒక పెద్ద ఫైలు. ఈ పంపకాలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను హైపర్‌వైజర్ అంటారు. ఇది కొత్త సంగతేమీ కాదు, 1972లోనే ఐబీఎం కంపెనీ వీఎం/370 అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకే మెయిన్‌ఫ్రేమ్‌ను (పెద్ద కంప్యూటర్‌ను) ఎవరికి వారికి సొంత మెషీన్‌లా అనిపించేలా పంచింది.

నా అనుభవం చెప్తాను. నేను కంప్యూటర్లు చూసుకునే ఒక చిన్న ఆఫీసులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్ ఎక్స్‌పీ మీద తప్ప నడిచేది కాదు, ఆ పాత మెషీనేమో రేపో మాపో ఆగిపోయేలా ఉంది. దాని డిస్కు మొత్తాన్ని ఇమేజ్‌గా (ఉన్నదున్నట్టు ఒకే ఫైలుగా) తీసి కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ అనే హైపర్‌వైజర్‌లో పెట్టాను. మొదట విండోస్ లేవకుండా ఎర్రర్ చూపించే నీలం స్క్రీన్ వచ్చింది. వీఎం సెట్టింగ్స్‌లో డిస్క్ కంట్రోలర్‌ను (డిస్కును కలిపే భాగాన్ని) సాటా నుంచి పాత రకమైన ఐడీఈకి మార్చాక లేచింది, నాకెంత సంతోషమేసిందో చెప్పలేను! ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ (సెక్యూరిటీ అప్‌డేట్లు) ఆగిపోయింది కాబట్టి దానికి ఇంటర్నెట్ ఇవ్వలేదు.

ఏ మార్పు చేసినా ముందు స్నాప్‌షాట్ (వీఎం ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకునే కాపీ) తీసేవాణ్ణి, తేడా వస్తే నిమిషంలో వెనక్కి వెళ్లిపోవచ్చు. అదే బ్యాకప్ అనుకోవడం నా తప్పు. ఒకరోజు ఆ కొత్త కంప్యూటర్ హార్డ్‌డిస్కు పోయింది, స్నాప్‌షాట్లు కూడా దాంట్లోనే ఉన్నాయి కదా, అన్నీ దాంతోపాటే పోయాయి. నెలన్నర బిల్లులు కాగితాలు చూసి మళ్లీ ఎక్కించాం. అప్పటి నుంచి రోజూ సాయంత్రం వీఎం షట్‌డౌన్ చేసి, అది ఉన్న ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేస్తున్నాను. దయచేసి మీరు మొదటి రోజు నుంచే చేయండి.

డాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో నడిపే కంటైనర్లు (ప్రోగ్రామ్‌లను విడివిడిగా నడిపే పెట్టెల్లాంటివి) వీఎంల కంటే వేరు, అవి సొంత కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో గుండెకాయ లాంటి భాగం) లేకుండా హోస్ట్ (అసలు కంప్యూటర్) కెర్నల్‌నే వాడుకుంటాయి.

నేర్చుకోవడానికైతే 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ చాలు, వీఎంకు 2 లేదా 3 జీబీ ఇచ్చి లైనక్స్ వేసుకోండి. వీఎం స్టార్ట్ కాకుండా వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ (ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్‌కు సాయపడే సౌకర్యం) ఆఫ్‌లో ఉందని ఎర్రర్ వస్తే బయోస్‌లోకి (కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే సెట్టింగ్స్‌లోకి) వెళ్లి ఆన్ చేయాలి. ఆ మెనూ ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది, మీ మోడల్ రాస్తే వెతికి చెప్తాను.