చిప్స్ లాభం కలుపుకుని లీజు మీద సంతకం పెట్టకు

నాన్నా కిరణ్,

నువ్వు న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో లిక్కర్ స్టోర్ కొంటున్నావని నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మా తమ్ముడి కొడుకు సొంత కొట్టు పెడుతున్నాడని మీ పెద్దమ్మతో రెండుసార్లు చెప్పుకుని మురిసిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నాష్‌విల్‌లో నువ్వు పనిచేసిన కొట్టుని చూసే లెక్కలు వేసుకున్నావేమోనని నా భయం.

నాష్‌విల్ ఉన్న టెనెస్సీలో లిక్కర్ స్టోర్ల వాళ్లు చిప్స్, సోడాలు, ఐసు లాంటివి అమ్ముకునే వీలు 2014 జులైలో వచ్చింది. న్యూయార్క్ దారి వేరు. ఇక్కడి చట్టం అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక 1934లో రాసింది. లిక్కర్ స్టోర్ లైసెన్సు ఉన్న చోట ఇంకే వ్యాపారమూ చెయ్యకూడదు, అదీ దాని మూలసూత్రం. తర్వాత కొన్నిటికి మినహాయింపు ఇచ్చారు: లాటరీ టికెట్లు, ఏటీఎం, సీసా బిరడా తీసే కార్క్‌స్క్రూలు, ఐసు, వైన్ గ్లాసులు, వైన్ సీసాలు పెట్టుకునే రాక్‌లు, మూత తీసిన వైన్ పాడవకుండా ఉంచే పరికరాలు, మన దగ్గర కొన్న సీసాకి గిఫ్ట్ బ్యాగులు, మద్యం గురించి తెలియజెప్పే పుస్తకాలు. నీళ్లు కూడా అమ్మొచ్చు, కానీ గ్యాసూ ఫ్లేవరూ కలపనివే. అంటే మంచినీళ్ల సీసా పెట్టొచ్చు, పక్కనే గ్యాసు కలిపిన టానిక్ వాటర్ పెట్టకూడదు. కోక్, నిమ్మకాయలు, పల్లీల ప్యాకెట్లు, సిగరెట్లు ఏవీ కుదరవు. బీరు కూడా మనది కాదు, అది కిరాణా కొట్లవాళ్లది. వాళ్లు వైన్ అమ్మకూడదు.

ఇదంతా నాకెలా తెలుసనుకుంటున్నావు? కొట్టు తెరిచాక తెలిసింది. నేను 2005లో పెట్టాను. అంతకుముందు వేరే రాష్ట్రంలో మనవాళ్ల పెట్రోలు బంకులో రెండేళ్లు కౌంటర్ మీద ఉన్నాను. అక్కడ అసలు సరుకు మీద మిగిలేది తక్కువ, కూల్‌డ్రింకులూ చిప్సే ఇల్లు నడిపేవి. అదే మనసులో పెట్టుకుని, నా కొట్లో ఒక గోడంతా కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లకీ, కౌంటర్ ముందు భాగం చిరుతిళ్లకీ రాసుకున్నాను. ఆ లాభం కలిపితేనే అద్దెకి సరిపోతుంది. కలిపి పదేళ్ల లీజు మీద సంతకం పెట్టేశాను. లాయరు ఫీజు దండగని చట్టం ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే పది నిమిషాల పని.

మూడో వారంలో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. ఫ్రిజ్ తలుపు తీసి, మంచినీళ్ల సీసాలు వదిలేసి, మిగతావన్నీ ఒక్కొక్కటే రాసుకున్నాడు. తర్వాత నోటీసు, జరిమానా. జరిమానా కట్టి బయటపడ్డాను రా, అద్దె నుంచే బయటపడలేకపోయాను. ఖాళీ ఫ్రిజ్‌ల గోడకి కూడా నెల నెలా డబ్బు కట్టాలి కదా. సీసాలు అరువిచ్చే హోల్‌సేలర్లకి 30 రోజుల్లో చెల్లించకపోతే మన పేరు బాకీదార్ల జాబితాలోకి ఎక్కుతుంది, ఇక ఎవరి దగ్గర సరుకు తీసుకున్నా డబ్బు చేతిలో పెట్టాల్సిందే. ఆ జాబితాలోకి నేనూ ఎక్కాను. మీ పెద్దమ్మ పగలు ఆఫీసులో పనిచేసి, సాయంత్రం వచ్చి కౌంటర్ మీద నిలబడేది.

అప్పుడు మీ నాన్నకి ఫోన్ చేశాను. అమెరికాలో ఉన్న అన్న, తెనాలి దగ్గర పసుపు పండించుకునే తమ్ముడిని డబ్బు అడిగాడు. వాడు ఎందుకని కూడా అడగలేదు. ధర వచ్చేదాకా ఆపుకుందామని దాచిన పసుపుని ధర లేనప్పుడే దుగ్గిరాల యార్డుకి తోలి, బ్యాంకులో కాగితాలన్నీ పెట్టి పంపాడు. ఆ ఏడు నీ స్కూలు ఫీజు ఆలస్యమైందని నాకు చాలాకాలానికి తెలిసింది. తిరిగి ఇచ్చేశాను, వడ్డీ తీసుకోనన్నాడు. ఇప్పుడు నీకు చెప్పాను.

అందుకే లెక్కలో మద్యం ఒక్కదాన్నే వేసుకో. లాటరీ కమిషన్, ఐసు, గిఫ్ట్ బ్యాగులు వస్తే రానీ, అద్దె మాత్రం వాటి మీద పెట్టకు. "కొట్టు అమ్మే ఆయన చిప్స్, సోడాలు పెట్టుకున్నాడు, ఇన్నాళ్లూ ఎవరూ ఏమనలేదు" అంటావేమో. ఆయన లైసెన్సు నీకు రాదు రా, నీ పేరు మీద నువ్వు కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సిందే. పట్టుబడితే మచ్చ నీ పేరు మీదే పడుతుంది. కాబట్టి లైసెన్సు రాకపోతే లీజు రద్దయ్యేలా ఒక షరతు రాయించు. ఈసారి లాయరు డబ్బు దగ్గర చూసుకోకు, తక్కువైతే నేనిస్తాను.

మిగతావి నీకు తెలిసే ఉంటాయి. అదే వీధిలో 200 అడుగుల లోపు స్కూలు గానీ చర్చి గానీ ఉందేమో టేపు పెట్టి కొలిపించు. క్రిస్మస్ రోజు కొట్టు మూసెయ్యాలి. ఐడీ చూడకుండా కుర్రాళ్లకి సీసా ఇవ్వకు. రాత్రి కొట్టు మూసేటప్పుడు ఒక్కడివే ఉండకు, ఈ ఒక్కటీ పెద్దమ్మ రాయమంది.

సంతకం పెట్టేముందు నీ లెక్కల కాగితం ఫోటో తీసి పంపు. అందులో సోడాలు, చిప్స్ వరుస ఉంటే నేనే కొట్టేసి తిరిగి పంపిస్తాను. అప్పటికీ అద్దెకి సరిపోతే తీసుకో. పసుపు సంగతి నేను చెప్పానని మాత్రం మీ నాన్న దగ్గర అనకు.

నీ పెదనాన్న