సినిమా వేస్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మీ కాలేజీలో ‘టింబక్టు’ వేస్తున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మురిసిపోయాను, ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. తుపాకులు, మసీదు, కొరడా దెబ్బలు ఉన్న సినిమా. చూసి లేచినవాళ్లలో ఒక్కడు “ఆ మతమే అంత” అంటే ఏం చేస్తావు?

ప్రదర్శన హక్కులు, హాలు ముందే చూసుకో. వెనక వరుసలో కూర్చుని ధ్వని ఒకసారి విను. వీటికి నా సలహా అక్కర్లేదు.

మా ఫిలిం సొసైటీలో ఈ సినిమానే వేసినప్పుడు ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని కథ తెలుగులో చెబుతానన్నాడు. సబ్‌టైటిల్స్ అందనివాళ్లకు మేలే కదా అని ఎవరూ కాదనలేదు. సినిమాలోని ఊళ్లో ఫుట్‌బాల్ నిషేధం. పిల్లలు బంతి లేకుండానే ఆడతారు. లేని బంతిని తంతారు, లేని బంతి కోసమే దూకుతారు. నడుమ ఒక గాడిద మైదానం దాటిపోతుంది. తుపాకులవాళ్లు బండి మీద రాగానే పిల్లలంతా కసరత్తు చేస్తున్నట్టు నటిస్తారు. ఒక్క మాటా లేని ఆ ఘట్టంలో మన పెద్దమనిషి “ఇది ఆశకు ప్రతీక” అని మొదలుపెట్టాడు, ఆట అయ్యేదాకా ఆపలేదు. ముందుకు వంగి చూస్తున్న కుర్రాళ్లు మళ్లీ కుర్చీల్లో వెనక్కి వాలారు. ఉపన్యాసానికి ఏడాదంతా ఉండగా ఆ కొద్ది నిమిషాలే దొరికాయా మహానుభావుడికి! నువ్వు మాత్రం ఎవరికీ మైకు ఇవ్వకు.

చెప్పవలసింది ముందే రెండు ముక్కల్లో చెప్పేయి. 2012లో మాలీలోని టింబక్టును తీవ్రవాదులు పట్టుకున్నారు. ఆ రోజుల మీద అబ్దర్‌రహ్‌మాన్ సిస్సాకో తీసిన సినిమా 2014లో వచ్చింది. అక్కడ భద్రత లేక మారిటానియాలోని వలాటాలో తీశాడు.

ఇక నా భయం సంగతి. బూట్లతో, ఆయుధాలతో మసీదులోకి వచ్చినవాళ్లను నిలదీసేది ఆ మసీదు ఇమామే. పాడినందుకు కొరడా దెబ్బలు తింటూ మళ్లీ పాట అందుకునే అమ్మాయిదీ అదే ఊరు. సిగరెట్లు వద్దన్న దళంలోనివాడే ఇసుక దిబ్బ చాటున కాలుస్తాడు. దర్శకుడు అతణ్ని రాక్షసుణ్ని చేయలేదు, అందుకే నాకీ సినిమా మీద గురి. ఎవరైనా “ఆ మతమే అంత” అంటే వాదనకు దిగకు తల్లీ. “ఆ ఇమాముది ఏ మతమండీ?” అని అడిగి ఊరుకో.

నేనూ వస్తున్నాను. బస్సు దిగే చోటికి ఎవరినైనా పంపు, మోకాళ్లు మునుపటిలా లేవు. ఈ హడావుడిలో పడి అన్నం మానేస్తావు, నీ సంగతి నాకు తెలుసు. వేళకు తిను.

మీ పెదనాన్న